నా గర్భసంచి నేనివ్వనన్నాను

ఎవరినో తిట్టడానికి ఇది రాయడం లేదు. తిట్టాల్సిన వాళ్ళను ఎదురుగానే తిట్టేశాను. ఆ రోజుల్లో నా పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పే మనిషి ఒక్కరున్నా నేను పడ్డ భయం సగానికి సగం తగ్గేది. ఈ రోజు ఏ ఊళ్ళోనైనా ఒక ఆడమనిషి స్కానింగు కవరు ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషనుకు ఒప్పుకోవాలా వద్దా అని కొట్టుమిట్టాడుతుంటే, ఆమె పక్కన కూర్చున్నాననుకుని రాస్తున్నాను. నేను డాక్టరును కాను. పదో తరగతి పాసై, మిరప పండించే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. నా పేరు కోటేశ్వరమ్మ. నా ఒంట్లో జరిగింది, నా కళ్ళతో చూసింది మాత్రమే చెప్తాను.

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, ఇద్దరు పిల్లలు. పక్క వాటాలో మా మరిది, నా తోటికోడలు రాజ్యలక్ష్మి. అందరూ రాజ్యం అనే పిలుస్తారు. నాకంటే ఏడేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఈ కథలో నేనెంతో తనూ అంతే.

1998, కోతల కాలం

మిరప కోతలు జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా సాగుతాయి. కోసిన కాయను కల్లంలో ఎండబోస్తాం. పొద్దున్నే మంచుకు తడిసిన పట్టాలు తీయించాలి, కాయ తిరగేయించాలి, తెల్లబడిన కాయలు ఏరించాలి, సాయంత్రానికి మళ్ళీ కప్పించాలి. తెల్లబడిన కాయను మేం తాలు అంటాం. అది ఎక్కువైతే గుంటూరు యార్డులో మన సరుకు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. మా ఇంట్లో ఆ అజమాయిషీ అంతా నాదే. మా ఆయనకు చేను చూసుకోవడంతోనే సరిపోయేది.

అయితే నెలకు ఐదు రోజులు నేను ఆ కల్లం గట్టు ఎక్కకూడదు. ముట్టు మనిషి తొక్కితే కాయ తెల్లబడుతుందని మా అత్తగారి నమ్మకం. ఆవిడ అత్తగారి నమ్మకం కూడా అదే. ఆ ఐదు రోజులూ నేను దూరాన చింత మొద్దు మీద కూర్చుని, అటు తిప్పండి, ఇటు కప్పండి అని అరుస్తూ ఉండేదాన్ని. కోతలకొచ్చిన ముఠాలో ముప్పై మంది ఆడవాళ్ళు మాత్రం కాళ్ళు మునిగేలా ఆ కాయ మీదే తిరిగేవాళ్ళు. ముఠాను నడిపే నాగమ్మ ఒకసారి నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది.

"మేం ముప్పై మందిమి తొక్కుతున్నాం గదమ్మా. మాకు రావనుకుందా మీ అత్త?"

ఆ మాట మా అత్తగారికి చేరవేశాను. "వాళ్ళ సంగతి మనకెందుకే. కల్లం మనది, పట్టింపు మనది" అందావిడ. ముఠాలో ఎవరికి ఏ రోజులో ఎవరూ అడగరు, అడిగితే కోత ఆగిపోతుంది. ఇంటి కోడళ్ళను మాత్రం క్యాలెండరు చూసి మరీ అడుగుతారు.

ఆ ఏడు చేను బాగా కాసింది. ఐదు రోజులు దూరంగా కూర్చుంటే కుదరదనిపించింది. అంతకు ముందు మా ఆడపడుచు పెళ్ళికి మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వేసుకుంటే ముట్టు నాలుగు రోజులు వాయిదా పడింది. ఆ మాత్రల సంగతి మా వైపు తెలియని ఆడది లేదు. పెళ్ళికి, వ్రతానికి, తిరపతి ప్రయాణానికి, అన్నిటికీ అవే. నాలుగు రోజులు ఆపిన మందు మూడు నెలలు ఆపదా అనుకున్నాను. అదీ నా తెలివి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, మధ్యలో ఎప్పుడో గుర్తొచ్చి నాలుగు రోజులు మానడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఎవరూ నా నోట్లో వేయలేదు. కల్లం మీద నిలబడి పని చేయించుకోవాలన్న పట్టుదలతో నేనే మింగాను.

ఆఖరి కోత అయిపోయింది, మాత్రలు మానేశాను. నాలుగో రోజున మొదలైంది. ఇక ఆగలేదు.

వేసవి

మొదటి వారం, ఆగిందంతా ఒకేసారి పోతోందిలే అనుకున్నాను. మూడో వారానికి పాత చీరలన్నీ అయిపోయాయి. వారం ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలయ్యేది. పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు తిరిగేవి. గోళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా అయ్యాయి. బావి దగ్గర నుంచి ఇంట్లోకి రావడానికి మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకునేదాన్ని. రోహిణి కార్తె ఎండల్లో కూడా పాదాలు చల్లగా ఉండేవి.

బయట ఉన్నదాన్ని కాబట్టి వరండాలో చాప మీదే నా బతుకు. నెలకు ఐదు రోజులైతే ఎవరికైనా ఓపిక ఉంటుంది, పాతిక రోజులైతే ఎవరికుంటుంది? మా అత్తగారు పొయ్యి ముందు కూర్చుని గొణుగుతూనే వండేది. "నెలంతా బయటుంటే ఇల్లెట్టా నడిచేది" అనేది, నాకు వినబడేలాగే. మా అమ్మాయి స్వాతికి అప్పుడు పదమూడేళ్ళు, ఆ సంవత్సరమే పెద్దమనిషైంది. నా బట్టలు అదే ఉతికేది. ఒకరోజు బక్కెట్టులో నీళ్ళు చూస్తూ, "అమ్మా, నాక్కూడా ఇట్టాగే అవుద్దా?" అని అడిగింది. నేను కాదని గట్టిగా చెప్పాలి. నోరు రాలేదు. ఆ జబ్బులో నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఆర్‌ఎంపీ వచ్చాడు, సూదులు వేశాడు, తగ్గలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"సంచి పాడైపోయింది బావా. పిల్లలు చాలనుకుని ఆపరేషన్ కూడా చేయించుకున్నారు. ఇంక అది ఉండి ఏం ఉపయోగం? ఉంచితే కాన్సర్‌లోకి దిగుద్ది. గుంటూరులో మనకి తెలిసిన నర్సింగ్ హోముంది, నేను దగ్గరుండి చేయిస్తా."

కాన్సర్ అన్న మాటతో మా అత్తగారి గొణుగుడు టక్కున ఆగింది. మా ఆయన మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో కాదు, రెండేళ్ళ కిందట పక్క వాటాలో, రాజ్యం మంచం పక్కన నిలబడి అక్షరం పొల్లు పోకుండా అవే మాటలు విన్నాను.

రాజ్యం సంగతి

ఇది రాయడానికి నాకు చేయి రావడం లేదు. కానీ ఇది దాచిపెట్టి మిగతాది రాస్తే నేను రాసినదంతా దొంగ మాటే అవుతుంది.

1996లో రాజ్యానికి ఇరవై ఏడేళ్ళు. ఇద్దరు పిల్లలు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని ఆర్‌ఎంపీకి చూపించుకుంది. ఆయన సంచి తీసేయాలన్నాడు. రాజ్యం భయపడింది, వద్దంది. ఒప్పించింది నేను. "చేయించుకోవే, నెలనెలా పీడా పోద్ది. నాగమ్మ ముఠాలో నలుగురైదుగురు చేయించుకున్నోళ్ళే. ఏం, చచ్చారా?" అన్నాను. తోడుగా గుంటూరు వెళ్ళాను. ఫ్లాస్కులో పాలు పట్టుకుని ఆ బెంచీ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. మా ఇంటికి మంచి పని చేస్తున్నాననుకున్నాను.

ఆరు నెలలు తిరక్కుండానే రాజ్యం మారిపోయింది. మంచు కురిసే పొద్దుట కూడా ఒళ్ళంతా చెమటలు పట్టి, వాకిట్లోకి పోయి కూర్చునేది. నిద్ర పట్టదనేది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే గంటసేపు ఏడ్చేది. మోకాళ్ళు పట్టేశాయని కల్లానికి రావడం మానేసింది. మా అత్తగారు "పనిదొంగ" అంది. మా మరిది "నాటకాలు" అన్నాడు. నేను ఏమీ అనలేదు గానీ, వాళ్ళు అన్నప్పుడు నవ్వాను.

1998, వానలు పడ్డాక

గుంటూరు నర్సింగ్ హోములో మొదటిసారి స్కానింగు తీశారు. ఆ హాలు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నాలుగు బెంచీలు, రెండు ఫ్యాన్లు, ఒకటి తిరగదు. కూర్చున్న ఆడవాళ్ళంతా పల్లెటూళ్ళ వాళ్ళే. ప్రతి నలుగురైదుగురి దగ్గరా సఫారీ చొక్కా వేసుకున్న ఒక ఆర్‌ఎంపీ నిలబడి ఉన్నాడు. మా ఊరాయన, వాళ్ళూ ఒకరినొకరు పేర్లు పెట్టి పలకరించుకుని టీ తాగడానికి వెళ్ళారు. ఒకామెకు కడుపులో నొప్పి, ఒకామెకు తెల్లబట్ట, ఒకామెకు నెల తప్పుతోంది, నాకు ఆగకుండా పోతోంది. లోపలికి వెళ్ళి వచ్చిన ప్రతి మనిషినీ ఏమన్నారని అడిగాను. అందరికీ ఒకటే జవాబు, సంచి తీసేయాలని. ఒక్కో జబ్బుకు ఒక్కో మందుండాలి గదా, అన్నిటికీ ఒకటే కోత ఏమిటని అనుమానం వచ్చింది. వచ్చింది గానీ నోరెత్తలేదు. తర్వాతి సోమవారం ఆపరేషనుకు రమ్మన్నారు.

ఆదివారం మధ్యాహ్నం రాజ్యం వచ్చింది. వరండాలో నా చాప మీదే, నన్ను ఆనుకుని కూర్చుంది. బయటున్న మనిషిని ముట్టుకున్నావంటూ మా అత్తగారు లోపలి నుంచి అరిచినా కదల్లేదు.

"అక్కా, రేపు సంచి ఒక్కటే తీస్తారా, ఇంకేమన్నా తీస్తారా అడుగు" అంది.

"ఇంకేం తీస్తారే?"

"నాకు ఓవరీలు కూడా తీసేశారు. నాకప్పుడు చెప్పలా. పోయినేడు చీరాలలో ఒక డాక్టరమ్మ చూసి చెప్పింది. అవి లేకపోబట్టే ఇరవై ఏడేళ్ళకే నీ ఒళ్ళు ముసలిదైందమ్మా అంది."

"ఏడాది నుంచి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వే గదా తీసకపోయింది. నీకెట్టా చెప్పేది?"

తిట్టలేదు, ఏడవలేదు. మామూలుగా అంది. లేచి, నా బట్టల బక్కెట్టు తీసుకుని బావి దగ్గరకు పోయింది. స్వాతిని పక్కకు జరగమని తనే ఉతికింది.

సోమవారం నర్సింగ్ హోములో నాకు ఆకుపచ్చ గౌను ఇచ్చారు. నర్సు ఒక కాగితం తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. ఆయన పెన్ను తీశాడు. "ఏం రాసుందో ఇటివ్వండి" అన్నాను. "సంతకం ఆయన చేస్తారమ్మా, నువ్వు లోపలికి రా" అంది నర్సు. కోసేది నన్ను, సంతకం ఆయనది. నాకు అక్కడే ఎక్కడలేని కోపం వచ్చింది. ఒంట్లో రక్తం లేకపోయినా కోపం ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. డాక్టరు గారిని పిలవండి, మాట్లాడాకే వస్తానన్నాను.

డాక్టరు గారు వచ్చాడు. తొందరలో ఉన్నాడు.

"ఓవరీలు కూడా తీస్తారాండీ?"

"లోపల చూస్తే గానీ తెలీదమ్మా. అవసరమైతే తీస్తాం."

"నాకు కాన్సరుందని పరీక్షలో వచ్చిందా?"

"వచ్చేదాకా ఎందుకు? ముందే తీసేస్తే బాధ ఉండదు గదా."

"ఎలక దూరుద్దేమోనని ముందే ఇంటికి నిప్పు పెట్టుకుంటామాండీ?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు గారికి కోపం వచ్చింది. "మీరేనా తీసుకొచ్చింది?" అని మా ఆర్‌ఎంపీ మీద కేకలేశాడు. ఆర్‌ఎంపీ నా మీద కేకలేశాడు. మా ఆయన ఎవరి మీద కేకలేయాలో తెలియక నిలబడ్డాడు. నేను గౌను విప్పి, చీర కట్టుకుని, గోడ పట్టుకుంటూ రోడ్డు మీదకు వచ్చేశాను.

బస్సులో మా ఆయన టికెట్లు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. చిలకలూరిపేట దాటాక, "చచ్చిపోతే?" అన్నాడు.

"చచ్చిపోతే నా సంచితోనే చచ్చిపోతా."

"నీకు మాటలెక్కువే. భయం నాకు" అని కిటికీ వైపు తిరిగాడు. తిరునాళ్ళలో తల్లి చేయి తప్పిపోయిన పిల్లాడిలా ఉంది ఆ మొహం. పదహారేళ్ళ కాపురంలో ఆయన భయపడగా చూడటం నాకు అదే మొదలు. చేయి పట్టుకున్నాను, ఎవరు చూస్తే నాకేం అనుకుని.

ఇంటికొచ్చాక అసలు రభస మొదలైంది. "దీనికి బతకాలని లేదు" అని మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసింది. ఆర్‌ఎంపీ, ఇక నన్ను పిలవొద్దని కబురు పంపాడు. పిలవలేదు.

పెద్దాసుపత్రి

వారం తిరక్కుండా బావి దగ్గర పడిపోయాను. ఈసారి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. మా వాళ్ళకు అదంటే చిన్నచూపు, దిక్కులేని వాళ్ళు పోయే చోటు అంటారు. చీటీ కోసం ఒక వరుస, చీటీ తీసుకున్నాక ఇంకో వరుస. కూర్చోవడానికి చోటు లేక నేల మీదే ఒరిగాను. ముక్కూ మొహం తెలియని ఒక సాయిబుల ఆవిడ తన గుడ్డల మూట నా తల కింద పెట్టింది. నా వంతు వచ్చినప్పుడు నన్ను లేపి పంపింది. ఆవిడ పేరైనా అడగలేదు.

లోపల ఒక పెద్ద డాక్టరమ్మ, చుట్టూ చదువుకునే పిల్లలు. నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఈ రక్తంతో ఎలా నడిచొచ్చావమ్మా?" అంది. తర్వాత అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఇది మొదలవక ముందు ఏం మందులు వాడావు?"

చెంగుకు ముడేసి తెచ్చుకున్న ఖాళీ మాత్రల అట్టలు బల్ల మీద పెట్టాను.

"ఎన్నాళ్ళు వేసుకున్నావు?"

"మూడు నెలలు దాటిందండి. మధ్యలో మానేసి, మళ్ళీ వేసి."

"ఎందుకు?"

"మిరప కల్లం తొక్కాలని."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. విషయమంతా చెప్పించుకుంది. "మిరపకాయకూ నీ ముట్టుకూ ఏమిటమ్మా సంబంధం?" అంది. పిల్లలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగాను, ఆపుకోవడం నా వల్ల కాలేదు. జరిగిందంతా మాత్రల వల్లేనని చెప్పలేననీ, సంచిలో చిన్న గడ్డ కూడా ఉందనీ, అయితే దానికి సంచి తీసేయక్కర్లేదనీ డాక్టరమ్మ అంది. "కాన్సరా కాదా అనేది సంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తెలుస్తుంది. భయపెడితే తెలియదు" అంది.

రక్తం ఎక్కించారు. బదులుగా మా ఆయన రక్తం ఇచ్చాడు. సూది చూస్తేనే పారిపోయే మనిషి, కళ్ళు మూసుకుని ఇచ్చి వచ్చాడు. పరీక్ష జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు నేను చూపించుకున్నంత ధైర్యంగా లేను. డాక్టరుతో వాదించిన నోరు మూతపడింది. స్వాతికి జడ వేసేది ఎవరు, అన్నదొక్కటే తిరిగేది బుర్రలో.

పక్క మంచం మీద సింగరాయకొండ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. యాభై రెండేళ్ళు. ఆవిడకు నిజంగానే కాన్సరు, సంచి తీసేయాల్సిందేనన్నారు. నా కథ విని, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటూ అంది.

"నాది పరీక్ష చేసి చెప్పారు, తీయించుకుంటా. నీది అక్కర్లేదంటే నువ్వెందుకు తీయించుకుంటావే? ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి పెడతారా?"

ఆవిడకు ఆపరేషను బాగా అయింది. నాకు తెలిసి చాలా ఏళ్ళు బతికింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నన్ను చూసి ఎవరూ అవసరమైన ఆపరేషను మానేయకూడదు. పరీక్ష ఏమందో అడగండి, తీసేది ఏదో అడగండి, ఇంకో డాక్టరుకు చూపించండి. అప్పుడు తీయించుకోండి, లేకపోతే మానండి. అడిగినందుకు కసురుకునే చోట మాత్రం ఒక్క క్షణం ఉండకండి.

నా పరీక్షలో కాన్సరు లేదని వచ్చింది. ఆర్నెల్లు మాత్రలు ఇచ్చారు. నన్ను మంచాన పడేసినవీ ఆ రకం మాత్రలేనట. ఏ రోజు మొదలుపెట్టాలో, ఏ రోజు మానాలో డాక్టరమ్మ కాగితం మీద గడులు గీసి ఇచ్చింది. రోజూ ఒక గడి కొట్టేశాను.

1999, మళ్ళీ కల్లం

మరుసటి ఏడు రెండో కోత కాయ కల్లంలో ఉండగా నాకు ముట్టు వచ్చింది. నాలుగు రోజుల మామూలు ముట్టు. నేను సంతోషంతో చెప్పుకున్న ముట్టు నా బతుకులో అదొక్కటే. పొద్దున్నే తలార స్నానం చేసి, కల్లం గట్టెక్కి, కాయ మధ్యలో నిలబడ్డాను. మా అత్తగారు పని ఎట్టా సాగుతోందో చూసి పోదామని వచ్చింది.

"అత్తయ్యా, నేను బయటున్నా" అన్నాను, ముఠా మొత్తానికి వినబడేలా.

"దిగు."

"దిగను. నాకు ఒకసారి ప్రాణం మీదకొచ్చింది. తెల్లబడితే కాయ తెల్లబడుద్ది, నేను మళ్ళీ తెల్లబడలేను."

నాగమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మా అత్తగారు గట్టు మీద చాలాసేపు నిలబడింది. తిట్టింది, శాపనార్థాలు పెట్టింది. తర్వాత తాలు బుట్ట ఒకటి లాక్కుని, నా వైపు చూడకుండా ఏరడం మొదలుపెట్టింది. ఆ ఏడు తాలు ఎప్పుడూ వచ్చినంతే వచ్చింది. ఆవిడ దాని గురించి మాట్లాడలేదు, నేనూ రెట్టించలేదు. మరుసటి ఏటి నుంచి ఎవరు బయటున్నారని మా ఇంట్లో అడగడం మానేశారు. స్వాతిని అసలు ఎవరూ అడగలేదు.

అంతా బాగైపోయిందని అబద్ధం చెప్పను. 2002లో మళ్ళీ రెండు నెలలు ఇబ్బంది పెట్టింది. మళ్ళీ పెద్దాసుపత్రి, మళ్ళీ గడుల కాగితం. తీసేయించుకుని ఉంటే ఈ పాటికి హాయిగా ఉండేదానివిగా అన్నవాళ్ళున్నారు. రాజ్యాన్ని చూపించి, ఆ హాయి నాకొద్దన్నాను.

2008

పొన్నూరులో మా ఆడపడుచు గృహప్రవేశం. పీటల మీద బట్టలు పెట్టించుకుంటుండగా గుండెల్లో నుంచి సెగ పుట్టి మెడ మీదుగా నెత్తికెక్కింది. జాకెట్టు తడిసి ముద్దయింది. గుండెపోటేమో అనుకున్నాను. రెండు నిమిషాల్లో పోయింది. ఆ వారంలో పదిసార్లు వచ్చింది. నాకప్పుడు నలభై ఆరు. అప్పటికి మూడు నెలలుగా ముట్టు లేదు.

ఊరికి రాగానే రాజ్యం దగ్గరికి పోయాను. వర్ణించి చెప్పి, "ఇదేనా?" అన్నాను.

"ఇదే."

"రోజుకి ఎన్నిసార్లొచ్చేది నీకు?"

"లెక్క పెట్టలా. ఎవరికి చెప్పాలని లెక్క పెట్టేది?"

"నేను నవ్వాను గదే అప్పుడు."

"నవ్వావు" అంది. "మర్చిపోలా."

క్షమించు అనే మాట మా ఇళ్ళల్లో ఎవరూ వాడరు. ఆ రోజు వాడాను. రాజ్యం లేచింది. గుడ్డ తడిపి, పిండి, నా మెడకు చుట్టింది. ఎక్కడ కూర్చుంటే గాలి తగులుతుందో, రాత్రి ఏం తినకూడదో, కోపం వచ్చినప్పుడు పిల్లల మీద పడకుండా ఎట్టా లేచి వెళ్ళాలో ఒక్కొక్కటే చెప్పింది. పన్నెండేళ్ళు తను ఒక్కతే నేర్చుకున్నది నాకు ఒక్క మధ్యాహ్నంలో చెప్పింది. ముట్టు ఆగిపోయే వయసులో ఆడదానికి కావలసింది పక్కన ఇట్లాంటి మనిషి. నాకు ఉంది. తనకు నేను అట్లా లేను.

2009

నీళ్ళ బిందె ఎత్తుతుంటే రాజ్యం మణికట్టు విరిగింది. బిందె సగమే ఉంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, ఎముక గుల్లబారిపోయింది, పాత ఆపరేషను కాగితాలు తెమ్మన్నాడు. ఏమేం తీశారో రాతపూర్వకంగా కావాలట. రాజ్యం మా వాటాలోకి వచ్చి, "గుంటూరు పోదాం అక్కా, నా కాగితాలు నాకు కావాలి" అంది. పదమూడేళ్ళలో తనకోసం ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదే.

అదే నర్సింగ్ హోము, మేడ మీద ఇంకో అంతస్తు లేచింది. కౌంటరులో అమ్మాయి, అంత పాత కాగితాలు లేవంది. ఎవరి దగ్గరుంటాయంటే తెలియదంది. వెళ్ళిపొమ్మంది. "ఇచ్చేదాకా ఇక్కడే ఉంటాం" అన్నాను. హాలు నిండా జనం. కట్టు వేసిన చేత్తో రాజ్యం నిలబడి ఉంటే ఒక అమ్మాయి లేచి, "కూర్చో మామ్మా" అని చోటిచ్చింది. ఒళ్ళో స్కానింగు కవరు, పక్కన వాళ్ళ ఊరి ఆర్‌ఎంపీ, అవతల భర్త.

రాజ్యం కూర్చుంది. "ఏమన్నారమ్మా?" అని అడిగింది.

"సంచికి పుండు పడిందంట. ఇవాళే తీసేస్తారంట."

"నీకెన్నేళ్ళు?"

"ఇరవై నాలుగు."

"నాకు నలభై" అంది రాజ్యం.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. రాజ్యం నెరిసిన తల, వంగిన వీపు, మొహం మీద ముడతలు చూసింది. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు. ఆర్‌ఎంపీ ఏదో అనబోతే నేను లేచి ఆయనకూ బెంచీకీ మధ్య నిలబడ్డాను.

"ఇరవై ఏడుకి ఇక్కడే తీశారు" అంది రాజ్యం. గొంతు పెంచలేదు. "సంచితో పాటు ఇంకేం తీశారో చెప్పలేదు. ఆ కాగితం కోసమే వచ్చా. మా అక్కే తీసుకొచ్చింది నన్ను."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "నువ్వేనా?"

"నేనే" అన్నాను.

"మరి నువ్వు తీయించుకున్నావా?"

"లేదు."

లోపలి నుంచి నర్సు ఆమె పేరు పిలిచింది. భర్త లేచాడు, ఆర్‌ఎంపీ కవరు అందుకోబోయాడు. ఆ అమ్మాయి కవరు వదల్లేదు. నర్సు రెండోసారి పిలిచింది. ఆ అమ్మాయి వెళ్ళలేదు, రాజ్యం పక్కన కాస్త ఖాళీ ఉంటే సర్దుకుని కూర్చుంది.